బూజు మేసిన గడ్డి

ఎండుగడ్డిని మెత్తని మేతగా మార్చే శిలీంధ్రాలున్నాయి. పశువు ప్రాణం మీదికి తెచ్చేవీ ఉన్నాయి. తేడా తెలిస్తేనే పాడికి లాభం!

వానకు తడిసిన గడ్డివామి విప్పితే లోపలంతా బూజు. గుప్పుమని ముక్కవాసన. పాడి ఉన్న ఏ ఇంట్లోనైనా ఆ గడ్డిని ఏం చేస్తారు? లాగి పెంటకుప్పలో పడేస్తారు. బూజు పట్టింది గొడ్డుకు వేయకూడదన్నది తాతల నాటి మాట. అలాంటిది... పనిగట్టుకుని గడ్డికి బూజు పట్టించి, దాన్నే మేతగా వేయొచ్చని ఎవరైనా చెబితే? మతి పోయిందా అనిపిస్తుంది. కానీ మన కర్నాల్ నుంచి నెదర్లాండ్స్ దాకా ఎన్నో ప్రయోగశాలల్లో ఏళ్ల తరబడి జరిగింది సరిగ్గా ఆ పనే!

అవసరం అలాంటిది మరి. ఒకపక్క గడ్డికి కొదవ లేదు. వరికోత యంత్రాలు వచ్చాక చాలా ఊళ్లలో గడ్డి ఇంటికి రావడం తగ్గింది. చేలోనే చెల్లాచెదురుగా పడి ఉంటోంది. దాన్ని పోగుచేసి కట్టలు కట్టించే ఖర్చు భరించలేక, తర్వాతి పంటకు వ్యవధి చాలక కొందరు నిప్పు పెట్టేస్తున్నారు. ఢిల్లీ, దాని చుట్టుపక్కల రాష్ట్రాల్లో పంట వ్యర్థాలు తగలబెట్టొద్దని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2015లో ఆదేశించాల్సి వచ్చింది. ఇంకోపక్క, రెండు గేదెలున్న రైతుకు వచ్చే పాల డబ్బుల్లో పెద్ద వాటా తవుడుకీ, చెక్కకీ, దాణాకీ పోతోంది. కాల్చేసే గడ్డిలోని సత్తువను పశువుకు అందించగలిగితే ఆ ఖర్చు కొంతైనా తగ్గదా? ఆ దారి చూపించేది శిలీంధ్రమేనా? చూద్దాం.

తాను తినదు... తిననివ్వదు!

వరిగడ్డి చూడటానికి పీచులా ఉంటుంది కానీ అందులో సత్తువకు లోటు లేదు. దాంట్లో ఎక్కువ భాగం సెల్యులోజ్, హెమీసెల్యులోజ్. చక్కెర అణువులు గొలుసుల్లా అల్లుకుంటే ఏర్పడే పదార్థాలివి. మనిషి పొట్ట వాటిని అరిగించుకోలేదు. నెమరువేసే పశువు అరిగించుకోగలదు. నిజానికి ఆ పని చేసేది పశువు కూడా కాదు. దాని పెద్దపొట్టలో కాపురముండే సూక్ష్మజీవులు. అక్కడి ద్రవం ఒక్క మిల్లీలీటరు తీసి చూస్తే అందులో వెయ్యి కోట్ల దాకా బ్యాక్టీరియా ఉంటాయి!

ఇంత సైన్యం ఉన్నా వరిగడ్డి పూర్తిగా అరగదు. ఎందుకంటే మధ్యలో లిగ్నిన్ అనే పదార్థం అడ్డం పడుతుంది. మొక్క నిటారుగా నిలబడటానికి బలాన్నిచ్చేది ఇదే. ఇటుకల మధ్య సిమెంటులా సెల్యులోజ్ పోగుల చుట్టూ పట్టేసి ఉంటుంది. దీన్ని పశువు అరిగించుకోలేదు. పొట్టలోని బ్యాక్టీరియా వల్లా కాదు. పోనీ లోపలున్న సెల్యులోజ్‌నైనా వాటికి అందనిస్తుందా అంటే అదీ లేదు. గడ్డివామి దగ్గర కుక్క సామెత దీనికి సరిగ్గా సరిపోతుంది... తాను తినదు, ఆవును తిననివ్వదు!

వరిగడ్డికి ఇంకో రెండు లోపాలూ ఉన్నాయి. ఇసుకలో ఉండే సిలికా దాంట్లో బాగా ఎక్కువ. మాంసకృత్తులేమో మూడు నాలుగు శాతానికి మించవు. అందుకే గేదె తిన్న వరిగడ్డిలో దాదాపు సగం అరక్కుండానే పేడలో పోతుంది. కడుపు నిండుతుంది, ఒంటికి పట్టదు.

పొట్టలోనే ఉన్నా పని కాదు

విచిత్రమేమిటంటే, పశువు పొట్టలోనూ శిలీంధ్రాలున్నాయి. ఆ సంగతి 1975 దాకా ఎవరూ గుర్తించలేదు. గొర్రె పెద్దపొట్టలో తోకలతో ఈదే సూక్ష్మజీవులు కొన్ని కనిపించేవి. అవి ప్రోటోజోవా అనే ఏకకణ జీవులని అంతా అనుకునేవారు. శిలీంధ్రాలకు గాలి లేనిదే బతుకు లేదన్నది అప్పటి నమ్మకం. పొట్టలోనేమో గాలి ఆడదు. ఇక అక్కడ శిలీంధ్రం మాట ఎక్కడిది?

ఇంగ్లండ్ శాస్త్రవేత్త కోలిన్ ఆర్పిన్‌కు ఒక అనుమానం వచ్చింది. గొర్రె మేత మేసిన కాసేపటికే ఈ ఈదే జీవుల సంఖ్య ఒక్కసారిగా పెరిగిపోతోంది. అంత తక్కువ సమయంలో అన్ని పిల్లలు పుట్టడం సాధ్యం కాదు. జాగ్రత్తగా పరిశీలిస్తే తేలిందేమిటంటే, అవి ప్రోటోజోవా కానే కాదు. గడ్డి పరకలకు వేళ్లలాంటి పోగులతో అతుక్కుని పెరిగే శిలీంధ్రం వదులుతున్న బీజాలు! కొత్త మేత రాగానే అవి ఈదుకుంటూ వెళ్లి దాన్ని పట్టుకుంటాయి. పీచును చీల్చి బ్యాక్టీరియాకు దారి చేస్తాయి.

అయితే వీటి సాయానికీ ఒక హద్దుంది. లిగ్నిన్‌ను పూర్తిగా విడగొట్టాలంటే ప్రాణవాయువు కావాలి. గాలి ఆడని పొట్టలో ఆ పని జరగదు. కాబట్టి లిగ్నిన్ సంగతేదో గడ్డి పశువు నోట్లోకి వెళ్లకముందే, బయటే తేల్చాలి. ఆ పని చేయగల శిలీంధ్రాలు అడవిలో దొరికాయి.

చిలీ అడవి చెప్పిన పాఠం

దక్షిణ అమెరికాలోని చిలీ దేశం. అక్కడి దక్షిణ ప్రాంతపు వాన అడవుల్లో కూలిన మానులు కొన్ని పుచ్చిపోయి తెల్లగా, మెత్తగా మారుతుంటాయి. ఆ చెక్కను పశువులు ఇష్టంగా తినడం అక్కడివారికి ఎప్పటినుంచో తెలుసు. పుచ్చిన కర్ర అనే అర్థంలో స్పానిష్ భాషలో దాన్ని 'పాలో పొద్రీదో' అంటారు. 1893లో ఫెడెరికో ఫిలిప్పి అనే ప్రకృతి శాస్త్రవేత్త ఈ వింతను గ్రంథస్థం చేశారు. చెక్క తిని పశువు బతకడమేమిటి? శిలీంధ్రం ఆ మానులో చేరి లిగ్నిన్‌ను తినేసి, సెల్యులోజ్‌ను చాలావరకు వదిలేసింది. మిగిలిన తెల్లని పీచు పశువుకు మేతయింది. అంతే!

ఇలా కలపను తెల్లబరిచే వాటిని శ్వేత శిలీంధ్రాలు అంటారు. మనం కూర వండుకునే ఆయిస్టర్ పుట్టగొడుగు, జపాన్ వారి షిటాకే పుట్టగొడుగు కూడా ఈ కోవలోవే. పైకి కనిపించే గొడుగు వాటి కాయలాంటిది మాత్రమే. అసలు శిలీంధ్రం గడ్డిలోనో కర్రలోనో తెల్లని నూలుపోగుల్లా అల్లుకుని ఉంటుంది. లిగ్నిన్‌ను ఇవి దేంతో విడగొడుతున్నాయన్నది చాలాకాలం అంతుపట్టలేదు. అమెరికాలో మింగ్ టియెన్, కెంట్ కిర్క్ అనే శాస్త్రవేత్తలు 1983లో అలాంటి ఎంజైమును ఒక శ్వేత శిలీంధ్రం నుంచి పట్టుకున్నారు. ఆ తర్వాత ఇలాంటివి మరికొన్ని బయటపడ్డాయి. తాళంచెవి దొరికినట్టే అనిపించింది.

కర్నాల్ పద్ధతి

మన దేశమూ చేతులు ముడుచుకు కూర్చోలేదు. హర్యానాలోని కర్నాల్‌లో ఉన్న జాతీయ పాడి పరిశోధన సంస్థలో 1980ల్లో ఒక పద్ధతి రూపుదిద్దుకుంది. దానికి కర్నాల్ పద్ధతి అనే పేరు వచ్చింది. ఇందులో రెండు దశలు. ముందు గడ్డిని యూరియా నీళ్లతో తడిపి మాగబెడతారు. యూరియా నుంచి వెలువడే అమ్మోనియా గడ్డి పీచును వదులు చేస్తుంది. తర్వాత ఆ గడ్డి మీద కోప్రినస్ అనే శిలీంధ్రాన్ని పెంచుతారు.

కోప్రినస్ అంటే కొత్తదేం కాదు. వానాకాలంలో పేడకుప్పల మీద, మాగిన గడ్డి మీద సన్నని గొడుగులు మొలిచి, పూట తిరక్కుండానే నల్లటి సిరాలా కారిపోతుంటాయే... ఆ జాతే. అమ్మోనియా ఘాటుకు చాలా బూజులు తట్టుకోలేవు. ఇది తట్టుకుంటుంది. గడ్డిలో మిగిలిన అమ్మోనియాను తన ఒంట్లో మాంసకృత్తులుగా మార్చుకుంటుంది. అంటే గాలిలో కలిసిపోయే నత్రజని పశువుకు మేతగా దక్కుతుందన్నమాట. ఆలోచన బ్రహ్మాండం. అయినా అది రైతు పాక దాకా రాలేదు. ఎందుకు?

అసలు చిక్కు లెక్కలో ఉంది

శిలీంధ్రం పుణ్యానికి పనిచేయదు. దానికీ ఆకలుంటుంది. లిగ్నిన్‌ను విడగొట్టడం కూడా శక్తి ఖర్చయ్యే పని. ఆ శక్తి కోసం గడ్డిలోని సెల్యులోజ్, హెమీసెల్యులోజ్‌లలో కొంత అది తినాల్సిందే. తిన్నది వేడిగా, బొగ్గుపులుసు వాయువుగా పోతుంది.

ఒక చిన్న లెక్క వేసి చూద్దాం. 100 కిలోల ఎండుగడ్డి ఉంది. అందులో 45 శాతం అరుగుతుందనుకుంటే పశువుకు దక్కేది 45 కిలోలు. దానికి శిలీంధ్రం పట్టించాం. అది 15 కిలోలు తినేసింది. మిగిలింది 85 కిలోలు. అరుగుదల 55 శాతానికి పెరిగింది. ఇప్పుడు పశువుకు దక్కేది 46 కిలోల 750 గ్రాములు. అంటే వారాల తరబడి చాకిరీ చేస్తే కలిసొచ్చింది కిలోముప్పావు! అదే శిలీంధ్రం 15 బదులు 30 కిలోలు తినేసిందనుకోండి. మిగిలిన 70 కిలోల్లో అరిగేది 38న్నర కిలోలే. లాభం మాట దేవుడెరుగు, ఆరున్నర కిలోలు చేతినుంచి పడ్డట్టు!

ఈ లెక్కకు ఇంకో వైపూ ఉంది. తేలిగ్గా అరిగే మేత పొట్టలోంచి త్వరగా ముందుకు కదులుతుంది. పశువు ఇంకొంచెం ఎక్కువ తింటుంది. రోజుకు ఒంటికి పట్టే సత్తువ ఆ మేరకు పెరుగుతుంది. కానీ మొత్తం మీద శిలీంధ్రం ఎంత తింటోంది, ఏం తింటోంది అన్నదాని మీదే అంతా ఆధారపడి ఉంది. సెల్యులోజ్ జోలికి పెద్దగా పోకుండా లిగ్నిన్‌నే ఎంచుకుని తినే జాతి కావాలి. నెదర్లాండ్స్‌లోని వాగెనింగెన్ విశ్వవిద్యాలయం వారు 2010 తర్వాత ఇలాంటివాటినే వెతికారు. సెరిపోరియోప్సిస్ అనే శ్వేత శిలీంధ్రం, షిటాకే పుట్టగొడుగు ఈ విషయంలో మెరుగని వారి పరీక్షల్లో తేలింది. అయితే వాటికి ఏడు వారాల దాకా గడువిచ్చి చూశారు.

ఇక్కడే ఇంకో అపోహ తొలగించుకోవాలి. కొయ్యకాళ్లు తగలబెట్టకుండా 2020లో ఢిల్లీ పొలాల్లో చల్లిన పూసా డీకంపోజర్ కూడా శిలీంధ్రాల మిశ్రమమే. కానీ దాని పని గడ్డిని కుళ్లబెట్టి నేలకు ఎరువు చేయడం. సెల్యులోజ్ మిగిలిందా లేదా అన్నది దానికి అనవసరం. అది చల్లిన గడ్డిని మేత అనుకోకూడదు.

పాకలో పనయ్యేనా?

లెక్క కుదిరినా పని తేలిక కాదు. శిలీంధ్రం బాగా అల్లుకోవాలంటే గడ్డిలో 65 శాతం దాకా తేమ ఉండాలి. అంటే 100 కిలోల ఎండుగడ్డికి నూటయాభై లీటర్ల పైచిలుకు నీళ్లు పట్టాలి. అంతకుముందే గడ్డిని వేడినీళ్లలోనో ఆవిరిలోనో శుద్ధి చేయాలి. లేకపోతే గడ్డి మీద అప్పటికే ఉన్న అడ్డమైన బూజులూ మనం వేసిన దానికంటే ముందే ఎదిగి కూర్చుంటాయి. వేడినీళ్లంటే పొయ్యి, కట్టెలు, కూలి.

రెండు గేదెలకు రోజుకు 12 కిలోల గడ్డి అనుకుందాం. శిలీంధ్రం పని పూర్తికావడానికి అయిదు వారాలు పడితే, ఎప్పుడు చూసినా 420 కిలోల గడ్డి తయారీలో ఉండాలి. తడిపితే అది టన్ను దాటుతుంది. దాన్ని పెట్టడానికి నీడ, తిరగేయడానికి మనిషి, వేడెక్కిపోకుండా చూసే కన్ను... ఇవన్నీ కావాలి. గేదె పాల మీద వచ్చే ఆదాయంతో ఇంత తతంగం చిన్నరైతు ఎక్కడ చేయగలడు? ప్రయోగశాలలో నెగ్గిన పద్ధతి పాక గుమ్మం దగ్గర ఆగిపోవడానికి కారణం ఇదే.

అన్ని బూజులూ ఒకటి కావు

శిలీంధ్రం గడ్డికి మేలు చేస్తుందట అని విని, వామిలో బూజుపట్టిన గడ్డిని గేదెకు వేస్తే కొంప మునుగుతుంది. ఎందుకో తెలియాలంటే రెండు పాత సంఘటనలు గుర్తుచేసుకోవాలి.

1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోళ్లు ఉన్నట్టుండి చచ్చిపోయాయి. కారణం తెలియక మొదట దానికి 'టర్కీ ఎక్స్ జబ్బు' అని పేరు పెట్టారు. చివరికి తేలిందేమిటంటే దోషం వాటి దాణాలో కలిపిన వేరుశనగ చెక్కది. ఆ చెక్కకు పట్టిన ఆస్పర్జిల్లస్ అనే బూజు అఫ్లటాక్సిన్ అనే విషాన్ని వదిలింది. ఈ విషం పాడిపశువు కడుపులోకి వెళితే రూపం మార్చుకుని పాలలోకీ వస్తుంది. పాలు కాచినా పోదు. అందుకే పాలలో ఇది కిలోకు 0.5 మైక్రోగ్రాములు దాటకూడదని మన ఆహార భద్రతా ప్రమాణాలు హద్దు పెట్టాయి.

రెండోది నేరుగా వరిగడ్డికి సంబంధించిందే. దేగ్‌నాలా జబ్బు. ఇప్పుడు పాకిస్థాన్‌లో ఉన్న పంజాబ్ ప్రాంతంలోని ఒక వాగు పేరది. ఆ చుట్టుపక్కల గేదెల్లో కనిపించిన జబ్బును 1939లో శాస్త్రవేత్తలు వివరించారు. తోక కొస, చెవుల అంచులు, కాళ్లు కుళ్లి రాలిపోతాయి. తడిసి బూజుపట్టిన వరిగడ్డి మేపడం, దాంట్లోని ఫ్యుజేరియం జాతి బూజులు వదిలే విషాలు దీనికి కారణమని భావిస్తున్నారు.

మేలుచేసే శిలీంధ్రం వామిలో దానంతటది పుట్టుకొచ్చేది కాదు. శుద్ధిచేసిన గడ్డి మీద, ప్రయోగశాలలో పెంచిన విత్తనం చల్లి, కనిపెట్టుకుని పెంచాల్సినది. బూజు రంగు చూసి మంచిదో చెడ్డదో చెప్పడం ఎవరి తరమూ కాదు. కాబట్టి తాతల నాటి మాటే ఖాయం. వామిలో బూజుపట్టిన గడ్డి పెంటకుప్పకే!

మరి రైతు చేతికి ఏముంది?

ఈరోజుకు చిన్నరైతుకు అందుబాటులో ఉన్న నమ్మకమైన దారి కర్నాల్ పద్ధతిలోని మొదటి సగం. అంటే యూరియా గడ్డి. 4 కిలోల యూరియాను సుమారు 50 లీటర్ల నీళ్లలో కరిగించి, 100 కిలోల ఎండుగడ్డి మీద పొరలు పొరలుగా చల్లి, బాగా తొక్కి, గాలి చొరకుండా పట్టా కప్పి మూడు వారాలు ఉంచాలి. తీశాక ఘాటు పోయేదాకా కాసేపు ఆరబెట్టి, కొద్దికొద్దిగా అలవాటు చేయాలి. మాంసకృత్తుల విలువ రెట్టింపు దాకా పెరుగుతుంది, గడ్డీ మెత్తబడుతుంది. ఆరు నెలల్లోపు దూడలకు మాత్రం పెట్టకూడదు. యూరియా కొలత దాటినా, నీళ్లలో సరిగా కరగకపోయినా ప్రమాదమే. మొదటిసారి పశువైద్యుడి సలహాతో చేయడం మంచిది.

శిలీంధ్రం దారి ఇప్పటికిప్పుడు కలిసొచ్చేది పుట్టగొడుగులు పెంచే చోట. ఆయిస్టర్ పుట్టగొడుగుల కోసం వరిగడ్డిని ఎలాగూ శుద్ధిచేస్తారు, విత్తనం చల్లుతారు, తడి చూసుకుంటారు. ఆ ఖర్చంతా పుట్టగొడుగుల మీద రాబట్టుకుంటారు. కోతలయ్యాక సంచుల్లో మిగిలే గడ్డిని పశువు మేతలో కొంత భాగంగా వాడొచ్చని చాలా ప్రయోగాలు చెప్పాయి. కాకపోతే రెండు షరతులు. ఒకటి, చాలామంది పెంపకందారులు గడ్డిని వేడినీళ్లకు బదులు కార్బెండజిమ్, ఫార్మాలిన్ కలిపిన నీళ్లలో నానబెట్టి శుద్ధి చేస్తారు. అలాంటి గడ్డి పశువు దగ్గరికి రానే కూడదు. ఉడికించిన గడ్డో, ఆవిరి పట్టిన గడ్డో అయితేనే మేతకు ఆలోచించాలి. రెండోది, సంచిలో ఆకుపచ్చ, నల్ల మచ్చలు కనిపించినా, వాసన తేడాగా ఉన్నా వదిలేయాలి. పైగా కోత మీద కోత తీసినకొద్దీ సత్తువంతా పుట్టగొడుగుల్లోకి పోతుంది. నాలుగు కోతలు తీసిన సంచిలో పశువుకు మిగిలేది తక్కువే. సిలికా తగ్గదు కాబట్టి గడ్డి తగ్గినకొద్దీ దాని వంతు పెరుగుతుంది.

అసలు ఆశ వరిగడ్డి మీద కంటే పశువు ముట్టని వ్యర్థాల మీదే ఎక్కువ. పత్తి కట్టె, కంది కట్టె, మొక్కజొన్న బెండు, చెరకు పిప్పి... వీటిలో లిగ్నిన్ పాలు హెచ్చు, అరుగుదల తక్కువ. ఇందాకటి లెక్కే మళ్లీ వేద్దాం. వందలో 20 శాతమే అరిగే కట్టెను శిలీంధ్రం 20 కిలోలు తిని, మిగతా 80 కిలోల్లో 40 శాతం అరిగేలా చేస్తే, పశువుకు దక్కేది 20 నుంచి 32 కిలోలకు పెరుగుతుంది. వరిగడ్డితో కిలోముప్పావు, కట్టెతో పన్నెండు కిలోలు! ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు 1980, 90 దశకాల్లో పత్తి కట్టె మీద ఆయిస్టర్ శిలీంధ్రాన్ని పెంచి చూసింది ఇందుకే. పత్తి విరివిగా పండే తెలంగాణ, ఆంధ్ర జిల్లాల్లో ఏటా చేలోనే కాలిపోయే కట్టెకు ఇది పనికొచ్చే ఆలోచన. అయితే పత్తికి కొట్టిన పురుగుమందుల అవశేషాలు మేతలోకి రాకుండా చూసుకోవడం తప్పనిసరి.

తడి మేతను నిల్వ చేసే చిక్కుకూ దారి కనిపిస్తోంది. శిలీంధ్రం పని అయిపోయిన గడ్డిని పచ్చిమేత పాతరలా గాలి చొరకుండా మూసి ఉంచితే శిలీంధ్రం ఆగిపోతుందని, మేత నిల్వ ఉంటుందని వాగెనింగెన్ పరిశోధనల్లో తేలింది. బెంగళూరులోని జాతీయ పశు పోషణ, శరీరధర్మ శాస్త్ర సంస్థ మరో వైపు నుంచి ప్రయత్నిస్తోంది. శిలీంధ్రాన్ని కాకుండా, లిగ్నిన్‌ను విడగొట్టే దాని ఎంజైములనే గడ్డి మీద ప్రయోగించి చూస్తోంది. గడ్డిలో వాటా అడిగే నోరే లేకపోతే లెక్క మారుతుంది కదా!

ఇవేవీ ఒక్కో ఇంట్లో ఒక్కో రైతు చేసుకోగలిగినవి కావు. పాల సంఘమో, పుట్టగొడుగుల యూనిట్లు నడిపే మహిళా సంఘమో నలుగురి గడ్డినీ ఒకచోట చేర్చి, ఒకే బాయిలరుతో, ఒకే విత్తనంతో చేస్తే ఖర్చు నలుగురి మీదా పడుతుంది. బూజుకు కావలసిన కాపలా కూడా దొరుకుతుంది. అప్పటిదాకా పాడిరైతు చేయాల్సింది ఒక్కటే. వామిని వాన తడవకుండా కాచుకోవడం, ఉన్న గడ్డిని యూరియాతో మాగబెట్టుకోవడం!